గంగి బర్రె గొంతు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పది పన్నెండు రోజులైంది. బస్సులు డిపోలు దాటడం లేదు. మహబూబాబాద్‌లో డిగ్రీ కాలేజీ లెక్చరర్ దినేశ్ మోటారు సైకిల్ మీద జనగామ దాకా వచ్చి, స్టేషన్ రోడ్డులో యాసర్ ఫోటో స్టూడియో ఎక్కడని అడిగి తెలుసుకుని, దాని వెనకున్న రెండు గదుల ఇంట్లో యాసర్ తల్లి గౌసియా బేగం ముందు కూర్చున్నాడు. ముప్పై అయిదేళ్ల మనిషి. చొక్కా నిండా దుమ్ము.

"సమ్మయ్య సార్ తీసిన బొమ్మల సినిమాలు మీ దగ్గరున్నయని వాళ్ల బిడ్డ రుక్మిణక్క చెప్పింది. నిజమేనా అమ్మా?"

గౌసియాకు యాభై ఏడేళ్లు. సమ్మయ్య సార్ పేరు చెప్పుకుని ఆ గుమ్మం ఎవరైనా తొక్కి ఇరవై ఏళ్లు దాటింది.

ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలియదు. దినేశ్ ఈడు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఊళ్లకు టీవీ వచ్చిన కొత్తలో ఆదివారం సాయంత్రం సినిమాకు ముందు ఏడెనిమిది నిమిషాల బొమ్మల కథ ఒకటి వేసేవాళ్లు. బడుల్లో తెల్ల గుడ్డ కట్టి అవే చూపించేవాళ్లు. చివర్లో వంకర అక్షరాలతో "కథ, బొమ్మలు: సమ్మయ్య" అని పడేది. నర్మెట్ట పక్క పల్లెలో గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టినవాడు. బొమ్మలు గీయడం తప్ప ఇంకేమీ చేతకాక హైదరాబాద్ చేరాడు. ఒక కంపెనీ పెట్టుబడి పెడితే నాలుగంటే నాలుగు చిన్న సినిమాలు తీశాడు. తర్వాత ఆ పనే మానేసి, భూపాలపల్లిలో ఒక బడిలో డ్రాయింగ్ మాస్టరుగా చేరిపోయాడు.

గౌసియా ఆ రోజుల్లో పెళ్లై హైదరాబాద్‌లో ఉండేది. భర్త ఖదీర్ ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. చేయి తిన్నగా ఉంటుందని ఎవరో చెబితే సమ్మయ్య ఆమెను పనిలోకి తీసుకున్నాడు. చిక్కడపల్లిలో అద్దె ఇల్లు, అడుగున బల్బు వెలిగే అద్దం బల్ల. ఆయన కాగితం మీద గీసిన బొమ్మను ఆమె పారదర్శకమైన రేకు మీదికి ఎత్తి, వెనక నుంచి రంగు నింపేది. ఒక గొర్రెపిల్ల తల తిప్పాలంటే పన్నెండు రేకులు. నాలుగేళ్లు అలా పనిచేసింది. కంపెనీ మూతపడి సామానంతా పాత ఇనుము బండికెక్కుతుంటే ఖదీర్ నాలుగు సినిమాల డబ్బాలూ చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. ఖదీర్ పోయాక ఆమె పుట్టిన ఊరు జనగామ వచ్చేసింది. డబ్బాలూ వచ్చాయి.

"ఉన్నయి. మా యాసర్ వాటిని డిస్కుల మీదికి కూడా ఎక్కిచ్చిండు" అంది గౌసియా.

దినేశ్ ముఖం వెలిగింది. మహబూబాబాద్‌లో, అక్కడివాళ్ల నోట మానుకోటలో, సమ్మె శిబిరం వేశారు. బడులు మూసి ఉండడంతో పిల్లలు తల్లుల వెంట వచ్చి రోజంతా డేరాలో కూర్చుంటున్నారు. దసరా లోపల ఒక సాయంత్రం ఆ సినిమాలు వేసి, సమ్మయ్యకు శాలువా కప్పాలని కమిటీ అనుకుంది.

"మన మట్టిల పుట్టి గిసొంటి పని చేసిన మనిషి ఉన్నడని ఎవరికి ఎరుకమ్మా? మానుకోట జనానికి ఎరుక చెయ్యాలె. మీకు బాగ నచ్చినవి ఏవో చెప్పుండ్రి, గవే వేద్దాం."

గౌసియాకు మాటలు వాటంతటవే వచ్చాయి. మొదటిది 'చుక్క నీళ్లు'. ఎండిన చెరువులో నత్త ఒకటి గుల్ల మీద ఒక్క నీటి బొట్టు పెట్టుకుని బిడ్డ దగ్గరికి పోతుంటుంది. రెండోది తోక ఊడిన బల్లి కథ. తోక ఒక్కటే ఊరంతా తిరిగి పెళ్లిలో చిందేసి వస్తుంది. మూడోది 'గొంగడి'. దాని కథ మాత్రం పూర్తిగా చెప్పింది.

"గొర్రెపిల్ల తల్లిని దేవులాడుకుంటు పోతది. ఏడ దొరకదు. చలికి ఒక ఇంట్ల దూరితే ముసలమ్మ గొంగడి కప్పుకోని పండుకుంటది. పిల్ల వాసన చూస్తది. గొంగడి తల్లి ఉన్నితోటి నేసిందన్నట్టు. దాని కిందికి దూరి పండుకుంటది. గంతే. ఒక్క మాట లేదు దాంట్ల. ఆ ముక్కు అదిరే బొమ్మలు నేనే రంగేసిన. ఏడ్చుకుంట ఏసిన."

"మరి గంగి బర్రెది?" అన్నాడు దినేశ్. "అందరికి అదే యాదికున్నది."

"దాని రీలు పాడైపోయింది బిడ్డా" అంది గౌసియా.

గుమ్మంలో నిలబడ్డ యాసర్ తల్లి వంక చూశాడు. దినేశ్ వెళ్లాక అడిగాడు. "అమ్మీ, ఆ రీలు పెట్టెల మంచిగనే ఉన్నది కదా."

"ఉండనీ" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మరో రెండు రోజులకు దినేశ్ జీపు మాట్లాడుకుని వచ్చాడు. గౌసియాను ఎక్కించుకుని పరకాల మీదుగా భూపాలపల్లి పోయాడు. దారిలో సమ్మె చేసేవాళ్లు మూడు చోట్ల ఆపారు. ప్రతి చోటా దినేశ్ దిగి జై తెలంగాణ అన్నాక పోనిచ్చారు. భూపాలపల్లిలో గనులు నిలిచిపోయాయి. పొద్దున పదింటికి బజారు నిండా మగవాళ్లు, ఎవరికీ పని లేదు.

రుక్మిణి గని కార్మికుల క్వార్టర్లలో ఉంటుంది. భర్త మొగిలి సమ్మెలో ఉన్నాడు. ఇంట్లో చేరిన తండ్రికి ఏడాది కింద పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. గౌసియా గుమ్మం దాటగానే ఆ చేతినే చూసింది. ఒడిలో పెట్టిన వస్తువులా ఉంది. డెబ్బై రెండేళ్ల సమ్మయ్య ఎడమ చేయి ఎత్తి ఆమెను పిలిచాడు. మాట ముద్దగా వస్తోంది గానీ అర్థమవుతోంది.

"గౌసియా. ముసల్దానివైనవు."

"మీరు కాలేదా సార్?"

ఆయన నోరు ఒక పక్కకే నవ్వింది.

దినేశ్ చెప్పిందంతా సమ్మయ్య విన్నాడు. శాలువా ఎందుకన్నాడు. పిల్లలు చూస్తరంటే సరే వస్తనన్నాడు. చివర్లో దినేశ్ చేయి పట్టుకుని నెమ్మదిగా, ఒక్కో మాట కూడబలుక్కుని చెప్పాడు. "మూడే ఎయ్యుండ్రి. గంగి బర్రెది వద్దు."

"దాని రీలు లేదట సార్, గౌసియమ్మ చెప్పింది."

సమ్మయ్య గౌసియా వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

దినేశ్, మొగిలి సమ్మె సంగతులు మాట్లాడుకుంటూ బయటికి పోయారు. రుక్మిణి పొయ్యి దగ్గర ఉంది. గదిలో ఇద్దరే మిగిలారు. గౌసియా ముప్పై ఏళ్లుగా లోపల తిప్పుకుంటున్న మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గోడకేసి చూస్తూ కూర్చుంది.

నాలుగో సినిమా పేరు 'గంగి ఇంటికొచ్చింది'. వానలో దారి తప్పిన కాకి, బర్రె. సమ్మయ్య రాసుకున్న కథలో కాకి గలగలా మాట్లాడుతూ తెలివి చూపిస్తుంది, దారి మాత్రం దానికి తెలియదు. గంగి తక్కువ మాట్లాడుతుంది. దానికి తెలుసు. చివరికి తడిసిన కాకిని వీపు మీద ఎక్కించుకుని ఇల్లు చేరుతుంది. సినిమా మొత్తంలో గంగి నోరు తెరిచేది పదకొండు సార్లు. అన్నీ సమ్మయ్య తల్లి మాటలే, ఆమె మాట్లాడినట్టే. రికార్డింగు ఇంకా కాలేదు, ఊళ్లో తల్లి చనిపోయింది. ఆయన నర్మెట్ట వైపు వెళ్లిపోయాడు. తిరిగి వచ్చింది పన్నెండో రోజు.

ఆ మధ్యలో కంపెనీ మేనేజర్ గౌసియాను పిలిచాడు. బొమ్మలు బాగున్నాయి గానీ నవ్వు లేదన్నాడు. కాకికి మంచి పుస్తకాల తెలుగు చెప్పే మనిషిని తెచ్చాడు. బర్రెకు కొత్త మాటలు రాయించాడు. కాకి ఏది చెప్పినా బర్రెకు అర్థం కాదు. ఎటు పొమ్మంటే దానికి ఎదురు పోతుంది. "నువ్వు మీ ఊళ్లో మాట్లాడినట్టే చెప్పమ్మా. కొంచెం సాగదియ్యి" అన్నాడు. ఇరవై ఆరేళ్ల గౌసియా మైకు ముందు నిలబడి సాగదీసింది. "గదేందో నాకెర్కలే..." అనగానే అద్దం వెనకాల కూర్చున్న అందరూ పగలబడి నవ్వారు. మళ్లీ చెప్పమన్నారు. ఆమె ఇంకా సాగదీసింది. ఇంత బాగా చెబుతానని తనకే తెలియదని ఆ రోజు సంతోషపడుతూ ఇంటికి పోయింది. పేరు కూడా మార్చారు. 'తెలివైన కాకి' అని.

నాలుగిట్లో ఎక్కువ పేరొచ్చింది దానికే. హాస్టళ్లలో, కాలేజీల్లో, ఆఫీసుల్లో ఇటువైపు పిల్ల నోరు తెరిస్తే చాలు, ఎవరో ఒకరు వెనకనుంచి "గదేందో నాకెర్కలే..." అనేవాళ్లు. యాసర్ గుంటూరులో ఏడాది చదివి, ఆ మాట పడలేక చదువు మానేసి వచ్చాడు. ఆ గొంతు ఎవరిదో వాడికి తెలియదు.

"సార్" అంది గౌసియా. "ఆ గంగి..."

"ఎరుకే" అన్నాడు సమ్మయ్య.

ఆమె తలెత్తింది.

"నీ గొంతు నాకు ఎరుక ఉండదా? అవ్వను కాలబెట్టి వచ్చి కూసున్న. తెర మీద మా అవ్వ మాట్లాడుతదనుకున్న. నువ్వు మాట్లాడినవు."

"ఎందుకు అడుగలే సార్ మరి? ఒక్క మాట అడుగలే మీరు."

"అడిగితే?" ఆయన పడిపోయిన చేతిని ఎడమ చేత్తో ఒడిలో సర్దుకున్నాడు. "నువ్వు చిన్నదానివి. నేను? బహుమానం ఇస్తమంటే పోయిన. శాలువ కప్పితే కప్పించుకున్న. నాది కాదు అనలే. నీకన్న నాదే పెద్ద తప్పు."

గౌసియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వంటింట్లో చప్పుడు ఆగింది. రుక్మిణి వింటోందని ఇద్దరికీ తెలిసింది. అయినా ఎవరూ మాట మార్చలేదు.

గౌసియా కొంగు తీసి అంది. "ఇప్పుడు కంప్యూటర్ల సౌండు తీసేసి కొత్తది పెట్టొచ్చు సార్. మా యాసర్‌కు వస్తది. రీలు నా దగ్గర్నే ఉన్నది. పాడు కాలే. మీరు చెప్పిస్తే నేను చెప్త."

సమ్మయ్య కూతుర్ని పిలిచి కాగితం, పెన్ను తెమ్మన్నాడు. పదకొండు మాటలూ ఒక్కొక్కటి చెబుతుంటే రుక్మిణి రాసింది. ముప్పై ఏళ్లైనా ఒక్కటి కూడా మరిచిపోలేదు.

"రాసింది చదివితే రాదు గౌసియా" అన్నాడు. "మా అవ్వ మాట సాగది. ముక్కలు ముక్కలుగ పడ్తది. ఇను." కళ్లు మూసుకుని చెప్పాడు. "పొద్దు గూకింది. పోదాం పా."

వంకరపోయిన నోట్లోంచి కూడా ఆ మాట ఎంతో నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా వచ్చింది. గౌసియా అన్నది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అన్నది. నాలుగోసారికో అయిదోసారికో ఆయన కళ్లు తెరిచి, "ఆఁ" అన్నాడు.

"సమ్మె అయినంక కూసుందాం. అన్ని చెప్త" అన్నాడు.

బతుకమ్మ పండుగ ముందు రోజు సాయంత్రం మహబూబాబాద్ శిబిరంలో తెర కట్టారు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదని జనరేటర్ తెచ్చారు. కేసముద్రం, గార్ల వైపు నుంచి ట్రాక్టర్ల మీద జనం వచ్చారు. డేరా సరిపోక రోడ్డు మీద కూడా కూర్చున్నారు. సమ్మయ్యను జీపులో తెచ్చి వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, చెంబంత పూలగుత్తి ఒళ్లో పెట్టారు. వెంట రుక్మిణి, మొగిలి వచ్చారు. గౌసియా, యాసర్ కంప్యూటర్ దగ్గర ఉన్నారు.

నత్త కథకు పిల్లలు ఊపిరి బిగబట్టారు. బల్లి తోక పెళ్లిలో చిందేస్తుంటే పెద్దవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. 'గొంగడి' నడుస్తున్నంతసేపూ జనరేటర్ మోత తప్ప ఏమీ వినబడలేదు. తెర మీద గొర్రెపిల్ల కళ్లు మూసుకోగానే ముందు వరసలో కూర్చున్న పోచమ్మ అనే ముసలామె కొంగుతో ముఖం తుడుచుకుంది. సమ్మయ్య తెరను చూడడం లేదు. జనాన్ని చూస్తున్నాడు. ఆయన ముఖం అంత తేటగా ఉండడం గౌసియా చిక్కడపల్లి రోజుల తర్వాత చూడలేదు.

అయిపోయింది. దినేశ్ మైకు అందుకుంటుండగా వెనకనుంచి ఎవరో కేకేశారు. "గంగి బర్రెది ఎయ్యుండ్రి!" ఇంకో నలుగురు అందుకున్నారు. కేబుల్ నడిపే లచ్చిరాం లేచి, "నా దగ్గర ఉన్నదన్నా, టీవీల వచ్చినప్పుడు ఎక్కిచ్చుకున్న" అని జేబులోంచి డిస్కు తీశాడు.

గౌసియా లేచి దినేశ్ దగ్గరికి పోయింది. "వద్దన్నడు కదా బిడ్డా సార్."

"జనం అడుగుతున్నరమ్మా. ఏడు నిమిషాలే కదా" అన్నాడు దినేశ్. చిన్నప్పుడు తాను ఎంతో ఇష్టంగా చూసిన సినిమా అది. తమ తండాలో ఒకే ఒక్క టీవీ ముందు కూర్చుని చూసిన సంగతి జీపులో రెండుసార్లు చెప్పాడు. అందులో ఎవరి మాటకు ఎవరు నవ్వుతున్నారో ఆ వయసులో అతనికి తట్టి ఉండదు. సమ్మయ్య కుర్చీలోంచి ఎడమ చేయి ఎత్తి ఊపుతున్నాడు. జనానికి అది దీవెనలా కనబడింది. చప్పట్లు కొట్టారు.

బొమ్మ పడింది. కాకి శుభ్రమైన తెలుగులో ఉపన్యాసం మొదలుపెట్టింది. గంగి మెల్లగా తల తిప్పి, "గదేందో నాకెర్కలే..." అంది. పిల్లలు కిలకిల నవ్వారు. పెద్దవాళ్లలో కొందరు నవ్వబోయి ఆగిపోయారు. రెండోసారి, మూడోసారి బర్రె ఆ మాట అనేసరికి డేరాలో పిల్లల నవ్వు ఒక్కటే మిగిలింది. తల్లులు వాళ్ల నోళ్లు మూశారు.

ఒక యువకుడు లేచి నిలబడ్డాడు. "ఎవని మీద నవ్వుతున్నం మనం? మన మీదనే కాదా? నలభై ఏండ్ల సంది గిదే కదా వాళ్లు చేసింది! గిది తీసినోనికి శాలువ కప్పిండ్రా?"

అంతే, అందరూ ఒక్కసారి లేచారు. ఎవరో తెర గుంజితే ఒక పక్క కిందికి జారింది. సగం తెర మీద బర్రె ఇంకా నడుస్తూనే ఉంది. ఇద్దరు వేదిక ఎక్కి సమ్మయ్య భుజాల మీది శాలువా లాగేశారు. ఆ ఊపుకు ఆయన కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోతుంటే మొగిలి పట్టుకున్నాడు. సమ్మయ్య ఏదో చెప్పబోతున్నాడు. కంగారులో ఆయన నోట్లోంచి ఒక్క అక్షరం కూడా సాఫీగా రావడం లేదు.

గౌసియా మైకు అందుకుంది.

"ఆ గొంతు నాది" అంది.

గొడవలో ఎవరికీ వినబడలేదు. ఆమె మళ్లీ, ఈసారి అరిచినట్టే అంది. "ఆ బర్రె గొంతు నాది! సార్‌ది కాదు. సార్ వాళ్లవ్వ సచ్చిపోయి ఊర్లె ఉంటే, కంపెనోళ్లు నాతోటి చెప్పిచ్చిండ్రు. సార్ రాసిన మాటలు వేరే. సాగదియ్యిమంటే సాగదీసిన. మీద పడితే నా మీద పడుండ్రి."

వేదిక ఎక్కినవాళ్ల చేతులు ఆగాయి. యాసర్ కంప్యూటర్ మీద చేయి వేసి బొమ్మ ఆపేశాడు. తల్లిని చూస్తున్నాడు. ఆ చూపును గౌసియా తట్టుకోలేకపోయింది.

ముందు వరసలో పోచమ్మ లేచింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "చెప్పేటప్పుడు నీకు ఏమనిపియ్యలేదానే అవ్వా?"

"నవ్విండ్రు" అంది గౌసియా. "నన్ను చూసి సంబురపడి నవ్వుతున్నరనుకున్న."

ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. జనం మెల్లగా లేచి ట్రాక్టర్ల వైపు పోయారు. దినేశ్ కమిటీ వాళ్లతో ఒక పక్కకు పోయి మాట్లాడుతూ నిలబడ్డాడు. జీపు కదిలేదాకా ఇటు రాలేదు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నాలుగు వరుసల వార్త వచ్చింది. ఆ చిత్రం గురించి కమిటీకి ముందుగా తెలియదని, జరిగినదానికి చింతిస్తున్నామని.

జనగామ చేరి ఇంట్లోకి వచ్చాక యాసర్ చెప్పులు విడుస్తూ అడిగాడు. "గుంటూరులో నన్ను ఏమని పిలిచేటోళ్లో నీకు చెప్పిన కదా అమ్మీ. అప్పుడన్నా చెప్పకపోతివి."

"చెప్పే మొఖం లేకుండె బేటా."

వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. తర్వాత కూడా ఆ మాట ఎత్తలేదు. తల్లితో మాట్లాడేవాడు, అవసరమైనంత వరకే.

పండుగ వెళ్లిన వారానికి రుక్మిణి ఫోన్ చేసింది. బాపుకు మళ్లీ పక్షవాతం వచ్చిందనీ, వరంగల్ దవాఖానకు తీసుకపోయి తెచ్చామనీ, ఈసారి మాట పూర్తిగా పోయిందనీ చెప్పింది. "శిబిరం నుంచి వచ్చిన కాన్నుంచి ఎవ్వలతోని మాట్లాడలే. ఇగ మాట్లాడడట" అని ఏడ్చింది.

సమ్మె విరమించి బస్సులు తిరిగాక గౌసియా భూపాలపల్లి బయల్దేరింది. పెట్టెలోంచి నాలుగో డబ్బా తీసి యాసర్ ముందు పెట్టింది. వాడు దాన్ని కూడా కంప్యూటర్లోకి ఎక్కించి, కంప్యూటరూ మైకూ సంచిలో సర్దుకుని వెంట వచ్చాడు.

సమ్మయ్య మంచంలో ఉన్నాడు. మనుషుల్ని గుర్తుపడుతున్నాడు. తల ఆడించగలుగుతున్నాడు. యాసర్ మంచానికి ఎదురుగా తెర పెట్టి, పాత శబ్దం తీసేసి బొమ్మ ఒక్కటే నడిపించాడు. వాన గీతలు, బురద, బర్రె నడక. సమ్మయ్య కళ్లు దాన్నే వెంబడించాయి.

గౌసియా రుక్మిణి రాసిన కాగితం చేతిలో పట్టుకుంది. మొదటి మాట ఆమెకు వచ్చు. "పొద్దు గూకింది. పోదాం పా." సమ్మయ్య తల నిలువుగా ఊపాడు. యాసర్ ఎక్కించాడు.

రెండోది. "వానకు తొవ్వ కొట్కపోయింది గని, ఇల్లు కొట్కపోలే." ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్లీ చెప్పింది. మళ్లీ అడ్డంగా. నెమ్మదిగా చెప్పింది, గట్టిగా చెప్పింది, మాటలు విరిచి చెప్పింది. ప్రతిసారీ అదే. ఎక్కడ తప్పిందో ఆయన చెప్పలేడు, ఎట్లా అనాలో ఆమెకు తెలియదు. ఆ గొంతు విన్న మనిషి ఆ గదిలో ఆయన ఒక్కడే. రుక్మిణి పుట్టేనాటికే నాయనమ్మ మాట పడిపోయి మంచాన ఉంది, ఆమె గొంతు రుక్మిణి ఎన్నడూ వినలేదు.

"బాపూ, ఇది మంచిగనే ఉన్నది కదనే" అంది రుక్మిణి బతిమాలుతూ. ఆయన కళ్లు మూసుకున్నాడు.

నాలుగు రోజులు ఆ ఇంట్లోనే ఉన్నారు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. మూడో రోజు ఎనిమిదో మాట దగ్గర, "తడిసినవా కాకమ్మా? రా, నా ఈపు మీద కూసో" అంటుంటే గౌసియా అలసిపోయి ఉంది. ఎట్లా అనాలన్న ఆలోచన కూడా లేకుండా అనేసింది. సమ్మయ్య కళ్ల నుంచి నీళ్లు కారాయి. తల నిలువుగా ఊపాడు. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు.

మిగతా తొమ్మిదీ రాలేదు. జనవరిలో మళ్లీ వస్తానని చెప్పి గౌసియా తిరిగొచ్చింది. డిసెంబరు చివర్లో సమ్మయ్య చనిపోయాడు. మొగిలితో పనిచేసే వాళ్లు పదిహేను మంది, బడిలో ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్న వాళ్లు కొందరు వచ్చారు. మహబూబాబాద్ నుంచి ఎవరూ రాలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాది, జూన్ నెలలో దినేశ్ ఫోన్ చేశాడు. మూడేళ్లలో అదే మొదటిసారి. సంబరాల్లో సమ్మయ్య సార్ సినిమాలు వేద్దామనుకుంటున్నామని, అప్పుడు జరిగినదానికి తనకు ఇప్పటికీ నిద్ర పట్టదని చెప్పాడు. గంగి బర్రెకు కొత్త మాటలు పెట్టారని రుక్మిణక్క ద్వారా విన్నానన్నాడు.

"రెండే అయినయి బిడ్డా."

"మిగిలినయి కూడా మీరే చెప్పేయొచ్చు కదమ్మా. కాగితం ఉన్నది కదా. సార్ లేడాయె."

"సార్ లేనప్పుడే కదా మొదటిసారి కూడా చెప్పింది" అంది గౌసియా. కోపంతో అనలేదు. దినేశ్ సరేనమ్మా అన్నాడు. మూడు సినిమాలూ పంపింది. వేశారని, పిల్లలు బాగా చూశారని తర్వాత కబురొచ్చింది.

అదే వారంలో ఒక టీవీ చానల్ పాత జ్ఞాపకాలంటూ 'తెలివైన కాకి' వేసింది. యాసర్ కూతురు అమ్రీన్‌కు ఆరేళ్లు. రెండు రోజులు ఇల్లంతా "గదేందో నాకెర్కలే..." అంటూ తిరిగింది. యాసర్ ఒకసారి అరవబోయి, తల్లిని చూసి స్టూడియోలోకి పోయాడు.

గౌసియా మనవరాలిని దగ్గర కూర్చోబెట్టుకుని, కంప్యూటర్లో తాము చేసిన సినిమా పెట్టింది. గంగి మొదటి మాట చెప్పింది. తర్వాత వాన, బురద, నడక. కాకి నోరు ఆడుతోంది, శబ్దం లేదు. చాలాసేపటికి వాళ్లకు దొరికిన ఆ ఎనిమిదో మాట. మళ్లీ నడక.

"మాట్లాడదేంది దాదీ ఇది?"

"దాని మాటలు పోయినయి బేటీ. ఇవి రెండే దొరికినయి. నువ్వు అను. తడిసినవా కాకమ్మా? రా, నా ఈపు మీద కూసో."

అమ్రీన్ బుద్ధిగా అన్నది. తర్వాత ముఖం పెట్టి, ఇంట్లో మాట్లాడే దక్కనీలో, "ఇస్మే హసీచ్ నై ఆతీ దాదీ" అంది. ఇందులో నవ్వు రానే రాదని. లేచి వాకిట్లోకి పరుగెత్తింది. ఒక నిమిషం తర్వాత పాత మాటే, బాగా సాగదీస్తూ, గోడవతల పిల్లలకు వినిపించేలా అరుస్తోంది. ఆ పిల్లలు నవ్వుతున్నారు.

గౌసియా తెర ముందు అలాగే కూర్చుంది. బొమ్మ ఇంకా మూడు నిమిషాలుంది.